వడి తక్కువే సార్

ఆదివారం పొద్దున్న బ్రాంప్టన్‌లో మా ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తుంటే ఆంటీ ఫోన్ చేశారు. "మీ సారు పోయారమ్మా. తెల్లవారుజామున, నిద్రలోనే," అన్నారు. కొన్నాళ్ళుగా ఊపిరితిత్తుల్లో నెమ్ముతో ఆస్పత్రిలో ఉన్న మనిషి, ఎనభై దాటిన మనిషి. నేను అయ్యో అనాలి. మీరెలా ఉన్నారు ఆంటీ అని అడగాలి. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట మాత్రం, "గొట్టం కాదు కదా ఆంటీ?"

"కాదమ్మా. ఊపిరితిత్తులే. మొన్న స్కాన్ తీసినప్పుడు కూడా గొట్టం కొత్తదానిలా ఉందనే అన్నారు."

"హమ్మయ్య," అన్నాను.

భర్త పోయి పూటైనా గడవని ఆవిడతో అనే మాటేనా అది! నాలిక కరుచుకున్నాను. ఆంటీ ఏమీ అనుకోలేదు. "నేనూ అదే అనుకున్నానమ్మా," అన్నారు. అప్పుడు ఇద్దరం చెరో పక్క ఏడ్చాం. ఏడుస్తూనే ఉన్నాను, గుండెల మీంచి బరువు దిగినట్టు తేలిగ్గానూ ఉంది. ఆయన తన కడుపులో ఆ పాలియెస్టర్ గొట్టం కుట్టించుకోవడానికి ఒప్పుకున్నది నా మాట మీద. అందుకే ఇన్నేళ్ళూ ఆంటీ నంబరు ఫోన్‌లో కనిపించినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఇక ఆగక్కర్లేదు.

నా మాట మీద అని గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, అది నిజానికి ఏ మాటో చెబితే మీరు నవ్వుతారు. దానికి ముందు ఆ మనిషి తెలియాలి.

కెనడాలో, ఒంటారియో తూర్పు భాగంలో, హైవే పక్కన ఒక చిన్న ఊళ్ళో పాలియెస్టర్ దారం తీసే ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు మూతబడింది. ఆయన అక్కడ ల్యాబ్ హెడ్, నేను ఆయన కింద ఇంజినీర్‌ని. దారం ఎలా తీస్తారో బయటివాళ్ళకి చెప్పడానికి ఆయనకో పద్ధతి ఉండేది. "జంతికల గొట్టం చూసినారు కదా? అంతే. పిండికి బదులు కరిగిన ప్లాస్టిక్. కంతలు వెంట్రుకంత సన్నం. కింద నూనె మూకుడు ఉండదు, చల్లగాలి ఉంటాది. గట్టిపడిన తీగని కింద ఒక చక్రం లాక్కోని చుట్టుకుంటాది. ఇప్పుడు చెప్పండి. ఆ చక్రం మెల్లగా తిరిగితే దారం ఎట్లుంటాది, స్పీడుగా తిరిగితే ఎట్లుంటాది?" అని ఆగేవారు. విందుల్లో సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ప్లేటు పట్టుకుని పెరుగన్నం వైపు జరిగేవారు.

జరగనివాళ్ళకి మిగతాది దక్కేది. నిమిషానికి వెయ్యి మీటర్ల చొప్పున లాగితే లోపలి అణువుల గొలుసులు ఉడికిన సేమ్యాలా చిక్కుపడే ఉంటాయి. ఆ దారం లాగినంతా సాగుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. మూడు వేలకి వస్తే గొలుసులు ఒక దిక్కుకి తిరగడం మొదలుపెడతాయి గానీ ఇంకా కుదురుకోవు. మరిగే నీళ్ళలో వేస్తే సగానికి ముడుచుకుపోతుంది. అయినా పనికొచ్చే దారమే, తర్వాత కావలసినట్టు సాగదీసి దిద్దుకోవచ్చు. అయిదారు వేలకి వెళ్తే ఇంకా గాల్లో ఉండగానే, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే, గొలుసులు వరసకట్టి స్ఫటికాలవుతాయి. ఆ దారం మరిగించినా పెద్దగా ముడుచుకోదు. ఇంకా ఆశపడి ఏడెనిమిది వేలు దాటించారనుకోండి, పైపొర ముందే చల్లారి బిగుసుకుంటుంది, లోపలిది వెనకబడుతుంది. పైన ఒక దారం, లోపల ఇంకో దారం అన్నట్టు తయారై బలం తగ్గుతుంది.

ఈ లెక్క ఆయన మనుషులకి కూడా వేసేవారు. ఎవరేం చెప్పినా సరేనని, ఏదీ చెయ్యనివాడు వెయ్యి. తన పని తాను చేసుకుని ఇంటికి పోయేవాడు ఆరు వేలు. హెడ్డాఫీసు నుంచి వచ్చి, చెప్పేది వినకముందే తలూపే మేనేజరు ఎనిమిది వేలు. సత్యనారాయణ వ్రతం అయిదు కథలూ అరగంటలో చుట్టేసిన పంతులుగారికి, ప్రసాదం రెండోసారి పెట్టించుకుంటూ, తొమ్మిది వేలు ఇచ్చారు. నాకు ఉద్యోగంలో చేరినరోజే మూడు వేలు పడింది. నెల తిరక్కుండానే శాంపిళ్ళ మీద లేబుళ్ళు తారుమారు చేశానని అందరి ముందూ అరిస్తే, నేను వాష్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆంటీతో, "వేన్నీళ్ళు తగిలినాయి, ముడుచుకునింది. రేపటికి బాగుంటాది," అన్నారట. ఆంటీ ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పి, మర్నాడు పులిహోర పంపించారు. ఆంటీకి మాత్రం ఆయన ఎప్పుడూ నంబరు ఇవ్వలేదు. అడిగితే, "ఆమె కాటన్," అనేవారు.

ఆయన్ని సార్ అనాలి. అంకుల్ అంటే ఒప్పుకునేవారు కాదు. "నేనేమన్నా మీ నాయన తమ్ముణ్ణా?" అని ముఖం మీదే అడిగేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాట ఎప్పుడూ వాళ్ళు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఎదుటివాళ్ళ బట్టల్లోంచి పోగు లాగడం ఆయనకి అలవాటు. మాట్లాడుతూనే మీ చొక్కా అంచున వేలాడే దారం పుటుక్కున తెంపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వెలుగుకి పట్టి చూసేవారు. ఒకసారి ఒక పెద్దింటావిడ కంచిపట్టు అని చెప్పుకుంటున్న చీర చెంగులోంచి పోగు లాగి, "పట్టు కాదమ్మా ఇది, పాలియెస్టర్. మంచి పాలియెస్టర్," అన్నారు. మెచ్చుకున్నాననే అనుకున్నారు. ఆ ఇంటికి వాళ్ళని మళ్ళీ పిలవలేదు. ఆంటీ ఆ తర్వాత ఫంక్షన్లకి ఆయన్ని తీసుకెళ్ళడం మానేశారు.

ఇన్ని స్పీడు పాఠాలు చెప్పే మనిషి నింపాదిగా ఉంటారనుకుంటారేమో, అదేం లేదు. కారు మాత్రం నాలుగొందల ఒకటో నంబరు హైవే మీద కుడి చివరి లేన్‌లో నత్తలా నడిపేవారు. వెనక ట్రక్కులు హారన్ కొడుతుంటే, "పోనీలే, వాడు ఎనిమిది వేలు," అనేవారు. దిగి లిఫ్ట్ దగ్గరికి వచ్చారా, అది వచ్చేదాకా బటన్ నొక్కుతూనే ఉండేవారు. టీ చల్లారేదాకా ఆగలేక నాలిక కాల్చుకునేవారు. "ఆయనకి ఆయనే ఎంత వేసుకున్నారో అడుగమ్మా," అని ఆంటీ నన్ను ఉసిగొల్పేవారు. అడిగాను. "నేను టెస్టింగ్ మిషన్. మిషన్‌కి నంబరు ఉండదు," అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా.

మా ఇద్దరికీ మాటపట్టింపు వచ్చింది ఒకే ఒక్క మాట మీద. వడి.

ల్యాబ్‌లో తెలుగువాళ్ళం మేమిద్దరమే. నాతో తెలుగే మాట్లాడేవారు, అదీ వీలైనంత వరకు అచ్చతెలుగు. "నాలుగో లైను వడి పెంచినారు, చూసినావా?" అనేవారు. ఆయనది అనంతపురం వైపు. ఆయనకి వడి అంటే వేగం. నేను మంగళగిరి మగ్గాల మధ్య పెరిగినదాన్ని. మా ఇంట్లో వడి అంటే దారానికి పెట్టే పురి, మెలిక. 'ఈ నూలుకి వడి చాల్లేదు' అని మా నాన్న అన్నారంటే ఆ నూలు వెనక్కి పోవలసిందే. ఒకరోజు ఆయన, "వడి తగ్గించి శాంపిల్ తీయించు," అన్నారు. నేను స్పీడు ముట్టుకోకుండా పురి తగ్గించి తీయించాను. ఆ పూటంతా తీసిన దారం చెత్తలోకి పోయింది.

"వడివడిగా నడువమంటే మెలికలు తిరుక్కుంటా నడుస్తావా నువ్వు?" అని అరిచారు.

"నూలు వడకడం అంటే మరేంటి సార్? దాన్ని పరిగెత్తించడమా?" అన్నాను. ఏడుపొస్తోంది గానీ ఆ రోజు ఎందుకో వాష్‌రూమ్‌కి వెళ్ళలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఓడిపోవడం ఆయనకి అలవాటు లేదు గానీ, ఓడితే ఒప్పుకోవడం తెలుసు. "నిజమే. వడకడంలో ఉండేది మీ వడే," అన్నారు. ఆ మధ్యాహ్నం ఒప్పందం కుదిరింది. ఇక నుంచి వేగానికి స్పీడు అనాలి, పురికి వడి అనాలి. "ఆ మాట మీ మంగళగిరికే ఇచ్చేసినా, పో," అన్నారు. రిటైరయ్యేదాకా ఆ ఒప్పందం తప్పలేదు. ఎప్పుడైనా నోరు జారితే నాలిక కరుచుకుని, "స్పీడు, స్పీడు," అని దిద్దుకునేవారు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కళ్ళకి కట్టేది ఒక మిషన్ వెనక సందు. హై స్పీడు లైను మొదటిసారి నడిపిన రోజు నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. చెవులకి మఫ్స్ పెట్టుకున్నా ఒళ్ళంతా అదిరే హోరు. పైనుంచి దారాలు దిగుతున్నాయి, కానీ కంటికి ఆనడం లేదు, గాల్లో తెల్లటి వెలుతురులా ఉంది. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, దారాలకి దూరంగా, గాల్లో ఒకచోట ఆపి పట్టుకున్నారు. నా చెవి దగ్గర మఫ్ పైకెత్తి, "ఇక్కడ!" అని అరిచారు.

"ఏముంది సార్ అక్కడ?"

"ఇక్కడే సన్నబడతాది. ఉన్నట్టుండి. ఇక్కడే గట్టిపడతాది."

"నాకేం కనబడట్లేదు!"

"నాకూ కనపడదు!" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. పెన్సిల్ అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. స్పీడు అంటే ఆయనకి పడదని ఫ్యాక్టరీలో అందరూ అనుకునేవారు గానీ అది తప్పు. ఆ ఒక్కచోట జరిగేదంటే ఆయనకి ప్రాణం. అది దాటించి ఇంకా పరిగెత్తించాలనే ఆశ అంటేనే పడదు. అది నాకా సందులో అర్థమైంది, అప్పటి నుంచి ఆయన మీద కోపం నిలవడం కష్టమైంది.

రిటైరయ్యాక వాళ్ళు నార్త్ యార్క్‌లో సబ్‌వే పక్కన కాండో ఫ్లాట్‌కి మారారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను బ్రాంప్టన్ వచ్చి బట్టల టెస్టింగ్ ల్యాబ్‌లో చేరాను. నెలకోసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఒక శనివారం వెళ్ళేసరికి ఆంటీ తలుపు తీసి, ఆయనకి వినబడకుండా నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళారు. కడుపులో పెద్ద రక్తనాళం ఒకచోట బెలూన్‌లా ఉబ్బిందట. అది పగిలితే ఆంబులెన్సు వచ్చేదాకా కూడా ఆగదట. ఆపరేషన్ చెయ్యాలన్నారట.

"మరి ఎప్పుడు ఆంటీ?"

"ఎప్పుడేంటమ్మా, చేయించుకోనంటున్నారు. గురువారం సర్జన్ దగ్గరికి రమ్మన్నారు. నువ్వు కూడా రా. నీ మాటైతే వింటారు."

ఆయన ఎవరి మాటా వినరని మా ఇద్దరికీ తెలుసు. అయినా సెలవు పెట్టి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను.

సర్జన్ ఓపికగల చిన్నమ్మాయి. బొమ్మ గీసి చూపించింది. సన్నగొట్టంలోంచి స్టెంట్ పంపే వీలు ఆయనకి లేదు, కోసి పెట్టాలి. సొరుగులోంచి శాంపిల్ తీసి ఆయన చేతిలో పెట్టింది. తెల్లటి నేత గొట్టం, బొటనవేలంత లావు, నిలువునా మడతలు మడతలుగా ఉంది. "పాలియెస్టర్," అంది.

ఆయన జబ్బు సంగతి మర్చిపోయారు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. గొట్టాన్ని వెలుగుకి పట్టారు, సాగదీశారు, వదిలారు, గోటితో గీకారు. వెనక్కి తిరిగి, "వాట్ స్పీడ్ వాజ్ దిస్ స్పన్ ఎట్?" అని అడిగారు.

"సారీ?" అంది సర్జన్.

"స్పిన్నింగ్ స్పీడ్. మీటర్స్ పర్ మినిట్."

తనకి తెలియదనీ, కానీ ఎంతోమందికి ఎన్నో ఏళ్ళుగా ఇదే పెడుతున్నారనీ, చాలా నమ్మకమైనదనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపి, ఆలోచించుకుని చెప్తానన్నారు. వచ్చేటప్పుడు ఆ శాంపిల్ అడిగి తెచ్చుకున్నారు.

ఇంటికొచ్చాక ఆంటీ ఉండబట్టలేక, "అంతమందికి పెడుతున్నారని చెప్పింది కదండీ ఆ అమ్మాయి," అన్నారు.

"నా టేబుల్ మీదికి ఏం వచ్చేవో తెలుసునా నీకు?" అన్నారు ఆయన. "తెగిన దారాలు. బ్రతుకంతా తెగినవాటినే చూసినా. తెగనిదాన్ని ఒక్కడన్నా తెచ్చి, ఇదిగో సార్, ఇది తెగలేదు అని చూపించినాడా?"

ఆంటీ లోపలికి వెళ్ళిపోయారు. వంటింట్లో నీళ్ళు వదిలిన చప్పుడు వినిపించింది, గిన్నెలేవీ తోముతున్నట్టు లేదు. నాకు ఒళ్ళు మండింది. దారం సంగతి తెలిసినవాడు తెలియనివాడికంటే ధైర్యంగా ఉండాలి కదా, ఈయనేంటి ఇలా అని. ఇవాళో రేపో అది పగిలితే ఈవిడ గతేంటని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆయన నా వంక చూడకుండా ఆ గొట్టాన్ని నా ముందు బల్ల మీద పెట్టారు.

"తీసుకోని పో. మీ ల్యాబ్‌లో దీని వడి చూసి చెప్పు. బాగుందంటే పోతా."

ఒప్పందం ప్రకారం వడి అంటే పురి. స్పీడు చూడమన్నారేమోనన్న అనుమానం నాకు రాలేదు, రావలసిన పనీ లేదు. తీసిన తర్వాత సాగదీసి, నలిపి, వేడికి సెట్ చేసి, నేసేసిన దారం అది. మొదట ఏ స్పీడులో చుట్టారో అందులోంచి తేల్చడం అయ్యే పని కాదని నాకు నేర్పింది ఆయనే. పురైతే విప్పి చూడొచ్చు. సోమవారం లంచ్ టైంలో గొట్టం అంచు నుంచి పోగులు జాగ్రత్తగా ఊడదీశాను. ఒక్కో పోగునీ మిషన్‌కి బిగించి, మెలిక విప్పి చూశాను. అంచున చూశాను, మధ్యలో చూశాను. మగ్గం నూలులా కాదు, ఇలాంటి సన్నపోగుల నేతకి వడి తక్కువగా, ఒక్కలా ఉండడమే మంచిది. ఆ లెక్కన మా నాన్న చూసినా వెనక్కి పంపని నూలు. వెంటనే ఫోన్ చేశాను.

"వడి తక్కువే సార్. ఎక్కడ చూసినా ఒక్కలాగే ఉంది. బాగుంది."

అవతల టీవీ కట్టేసిన చప్పుడైంది.

"నువ్వే చూసినావా?" అన్నారు.

"నేనే చూశాను సార్."

"తక్కువేనా?"

"తక్కువే."

"సరే అయితే. డేట్ తీసుకోమని చెప్తా మీ ఆంటీకి."

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక, నేనూ ఆంటీ వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. ఆంటీ థర్మాస్‌లో కాఫీ తెచ్చారు, ఇద్దరం ముట్టుకోలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అన్నట్టు ఆవిడ, "ఇంత తేలిక అని తెలిస్తే మొదటిరోజే నిన్ను అడిగేదాన్నమ్మా. స్పీడు తక్కువేనట, మా అమ్మాయి చూసి చెప్పింది అని ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ చెప్పారు," అన్నారు.

"స్పీడా?"

"అదే కదా నిన్ను చూడమన్నది?"

రిటైరయ్యాక ఆయనతో తెలుగులో దారాల గురించి మాట్లాడేవాళ్ళు లేరు. ఒప్పందం ఎప్పుడో మర్చిపోయి ఉంటారు, పాత అలవాటు మళ్ళీ వచ్చేసి ఉంటుంది. ఆయన అడిగింది వేగం. నేను చెప్పింది మెలిక. ఎవరూ చూడలేనిదాన్ని నేను చూసి బాగుందని చెప్పినట్టు నమ్మి, ఆ నమ్మకంతో బల్ల మీద పడుకున్నారు. ఈపాటికి కోసేసి ఉంటారు కూడా.

ఆంటీకి చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యాలి? మంచినీళ్ళకని లేచి, కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాను. ఆ గొట్టం మంచిదే, అంతమందికి పెట్టారు, సర్జన్ చెప్పింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వెంటనే ఆయన టేబుల్ మీది తెగిన దారాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. ఆ రోజు మాత్రం ఆ కారిడార్‌లో తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, ఇద్దరు ముగ్గురికి రెండేసి సార్లు.

మధ్యాహ్నానికి సర్జన్ బయటికి వచ్చింది. గొట్టం చక్కగా కుదిరిందనీ, రక్తం బాగా పారుతోందనీ చెప్పింది. ఆంటీ ఆ అమ్మాయి చేతులు పట్టుకుని వదల్లేదు. అయితే ఇంకొక్కటి మిగిలిందని ఆ అమ్మాయి అంది. ఇంత పెద్ద ఆపరేషన్ తర్వాత పేగులు నిద్రపోతాయి, అవి మేలుకోవాలి. ఈయన వయసులో ఒక్కోసారి మేలుకోవు. కడుపులో కదలిక వచ్చి, ఆకలి అన్నారంటే అప్పుడు గట్టెక్కినట్టే అనుకుంటానంది.

మర్నాడు ఆయన కళ్ళు తెరిచారు గానీ మాట్లాడలేదు. ఆ తర్వాతి రోజు కూడా అంతే. నర్సు గంటగంటకీ వచ్చి గ్యాస్ పోయిందా అని ఇంగ్లీషులో గట్టిగా అడుగుతుంటే, సిగ్గుతో గోడవైపు తిరిగేవారు. కడుపు ఉబ్బి, గట్టిగా ఉంది. సర్జన్ వచ్చి కడుపు మీద స్టెతస్కోప్ పెట్టి వింది, చార్టులో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ఆంటీ కుర్చీ వదిలి కదలడం లేదు. నాకు ఇంకోపక్క లోపల ఆ వడి గొడవ. చెప్పకుండా ఉండలేకపోయాను.

"సార్, ఒక మాట చెప్పాలి. నేను ఆరోజు చూసింది స్పీడు కాదు. పురి. మీరు వడి అంటే పురి అనుకున్నాను."

ఆయన గోడవైపు నుంచి మెల్లగా నావైపు తిరిగారు. గొంతు ఎండిపోయి ఉంది.

"తెలుసు," అన్నారు.

"తెలుసా?"

"ఆ దారానికి స్పీడు ఎవడు చెప్పగలడు? నేనే చెప్పలేను. తక్కువే, ఒక్కలాగే ఉంది అన్నావు. ఒక్కో పోగూ విప్పి చూసినావని ఆ మాటతోనే అర్థమైంది."

"మరి ఎందుకడిగారు సార్?"

"చెప్పలేరనే అడిగినా. ఎవరూ చెప్పలేకపోతే పోనక్కర్లేదు కదా."

ఆంటీ కుర్చీలో ముందుకి జరిగారు. ఈ మాట ఆవిడకీ కొత్తే.

"మరి తెలిసి ఎందుకు ఒప్పుకున్నారు?" అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

ఆయన దుప్పటి అంచున లేచిన పోగుని వేళ్ళతో నలిపారు. "నువ్వు బాగుందన్నావు," అన్నారు. "అందరికీ స్పీడనే చెప్పుకున్నా గానీ, దేన్ని చూసి అన్నావో నాకు తెలుసు. అయినా ఆ మాట వినేసరికి ఊపిరొచ్చింది. అదేనేమో అన్నాళ్ళూ నాకు కావాల్సింది. భయమేసిందమ్మా. కోస్తారంటే భయం, కోయకుంటే భయం. చెప్పుకునేదానికి సిగ్గేసి, ఆ పాపమంతా దారం మీదికి నెట్టినా."

ఆయన నోట భయం అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. ఆంటీ కూడా వినలేదనుకుంటాను. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎముకలు తగిలే చెయ్యి, వెచ్చగా ఉంది.

"నాకూ భయమేసింది సార్. ఆ కారిడార్‌లో చచ్చిపోయాననుకున్నాను," అన్నాను.

"ఏందమ్మా అట్ల నలుపుతావు నా చెయ్యి, పోగనుకున్నావా?" అన్నారు. నవ్వబోయి, కుట్లు లాగి ఆగిపోయారు. అంతలో దుప్పటి కింద నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. చిన్నదీ కాదు, అనుమానపడేదీ కాదు. మా ముగ్గురిలో ఎవరూ ఎవరి ముఖం వంకా చూడలేదు.

"భయం ఇప్పుడూ ఉందా అండీ?" అని ఆంటీ మెల్లగా అడిగారు.

ఆయన పైకప్పు వంక చూశారు, చాలా పెద్ద విషయం తేల్చుకుంటున్నట్టు.

"ఇప్పుడు ఆకలేస్తా ఉంది," అన్నారు.

ఆంటీ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆ కుర్చీలోనే గట్టిగా ఏడ్చేశారు. నేను నర్సు కోసం పరిగెత్తాను.